హొమినిన్ శిలాజాలను స్కానింగ్ కోసం తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్లడం: పర్మిట్, కార్నే, ప్యాకింగ్, డోసు

పలకరాయి అడిగిన ప్రశ్న (కింద ప్రతి జవాబు పైనా ఉన్నది రాసినవారి పేరు)

దక్షిణాఫ్రికా నుంచి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు, అక్కడి ఈఎస్‌ఆర్‌ఎఫ్ సింక్రోట్రాన్‌లో (అతి శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలిచ్చే పెద్ద యంత్రం) స్కాన్ కోసం, కొన్ని హొమినిన్ (మనిషి వంశానికి చెందిన) శిలాజాలు వెళ్లి రావాలి. అన్నీ జొహానెస్‌బర్గ్ దగ్గరి గుహల్లోవే. బ్రెచియా (రాళ్ల ముక్కలు కలిసి గట్టిపడ్డ గుహ రాయి) ఇంకా అంటుకునే ఉన్న కింది దవడ ముక్క ఒకటి, అందులో రెండు దంతాలు. విడి దంతాలు మూడు. బీమ్‌టైమ్, అంటే యంత్రం మాకు కేటాయించిన సమయం, పన్నెండు షిఫ్టులు, అంటే నాలుగు రోజులు.

తెలియాల్సినవి ఇవి. పర్మిట్ దరఖాస్తులో ఎక్కువగా ఎక్కడ ఆగిపోతుంది? కస్టమ్స్‌కు ఏటీఏ కార్నే (తాత్కాలికంగా తీసుకెళ్లే సరుకుకు సుంకం కట్టకుండా వెళ్లి రావడానికి వాడే కాగితాల పుస్తకం) చాలా, ఇంకేమైనా కావాలా? చేతిలో పట్టుకుని విమానమెక్కడమా, కార్గోలో వేయడమా? చివరిది: "నాన్ డిస్ట్రక్టివ్" అని అందరూ రాస్తారు కదా, ఎక్స్‌రే వల్ల శిలాజానికి నిజంగా ఏమీ కాదా? దవడకు పాత కాలంలో అతికించిన చోట్లు రెండు ఉన్నాయి. ఏ జిగురో రికార్డులో లేదు.

కొలతబద్ద

పర్మిట్ సంగతి చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు చెప్తారు.

1999 నాటి నేషనల్ హెరిటేజ్ రిసోర్సెస్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. మ్యూజియమైనా యూనివర్సిటీ అయినా వాటికి సంరక్షకులే తప్ప యజమానులు కారు. పర్మిట్ లేకుండా ఎగుమతి చేయడమే కాదు, చేయబోవడం కూడా నేరమే. "తాత్కాలికం" అన్నంత మాత్రాన అది ఎగుమతి కాకుండా పోదు. దరఖాస్తు సాహ్రాకు (దక్షిణాఫ్రికా వారసత్వ సంపద సంస్థ), వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ సాహ్రిస్ ద్వారా పెట్టాలి.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది "ఎందుకు" అన్న గడి దగ్గర. మానవ పూర్వీకుల శిలాజాల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1998లో ఒక తీర్మానం చేసింది. అసలు శిలాజాలు పుట్టిన దేశం దాటకూడదు, దాటాలంటే బలమైన శాస్త్రీయ కారణం ఉండాలి, ఆ పని సమీప భవిష్యత్తులో ఆ దేశంలో జరగదని చూపించాలి అన్నది దాని సారాంశం. అది చట్టం కాదు గానీ దరఖాస్తు చదివేవాళ్ల మనసులో ఉండే కొలబద్ద అదే. 2023 సెప్టెంబరు 8న సెడిబా, నలేడి అనే రెండు హొమినిన్ జాతుల శిలాజాలు, మొదటిదాని కాలర్ బోన్, రెండోదాని చేతి బొటనవేలి ఎముక, పర్మిట్‌తోనే వర్జిన్ గెలాక్టిక్ విమానంలో అంతరిక్షం అంచుకు వెళ్లొచ్చాయి. దాని మీద ఎంత రచ్చ జరిగిందో తెలిసిందే. అభ్యంతరపెట్టినవాళ్లు ఎక్కువగా పట్టుకున్నది కూడా ఇదే పాయింటు: శాస్త్రానికి ఒరిగిందేమిటని.

కాబట్టి "అధునాతన సాంకేతికతతో అధ్యయనం" లాంటి వాక్యాలు పనికిరావు. "మీ దగ్గర మైక్రో సీటీ (చిన్న వస్తువుల లోపలి భాగాన్ని చూపే ఎక్స్‌రే స్కానర్) ఉంది కదా" అని అడుగుతారు. నిజమే, విట్స్ యూనివర్సిటీలో ఉంది, పెలిండాబాలో అణుశక్తి సంస్థ నెక్సా దగ్గర ఉంది, స్టెలెన్‌బోష్‌లో ఉంది. అందుకని ముందు ఇక్కడే స్కాన్ చేయించండి. ఆ స్లైసుల్లో ఎనామెల్‌కూ డెంటిన్‌కూ మధ్య గీత కనబడుతుంది కానీ రోజువారీ పెరుగుదల గీతలు కనబడవు, వేరు చుట్టూ కాల్సైట్ (బ్రెచియాలోని ఖనిజం) ఎక్కడ ఆగి ఎముక ఎక్కడ మొదలైందో తేలదు. ఆ బొమ్మనే దరఖాస్తుకు జోడించండి. "ఇక్కడ ఇంతవరకే వస్తుంది, మా ప్రశ్నకు జవాబు దీని అవతల ఉంది" అని చూపించే బొమ్మ పది పేజీల వివరణ కన్నా బలంగా పనిచేస్తుంది.

ముందు జరిగినవి కూడా ఉదహరించండి. సెడిబా ఎమ్‌హెచ్1 పుర్రె 2010లో గ్రెనోబుల్ వెళ్లి స్కానై వచ్చింది, మెదడు ఆకారం మీద 2011లో పేపరు వచ్చింది. లిటిల్ ఫుట్ అనే దక్షిణాఫ్రికా హొమినిన్ పుర్రె 2019లో ఇంగ్లండ్‌లోని డైమండ్ లైట్ సోర్స్ సింక్రోట్రాన్‌కు వెళ్లింది, ఐ12 బీమ్‌లైన్ (కిరణం వచ్చే స్కానింగ్ కేంద్రం) మీద స్కాన్ చేశారు. కెన్యాలో దొరికిన అలేసి హొమినిన్ కాదు, కోటీ ముప్పై లక్షల ఏళ్ల నాటి వానరం, కానీ మీ పనికి అదే దగ్గరి ఉదాహరణ. దాని లోపలి దంతాల్లో రోజువారీ గీతలు లెక్కపెట్టి, చనిపోయేనాటికి ఏడాదీ నాలుగు నెలల పిల్ల అని తేల్చారు. ఆ లెక్క సింక్రోట్రాన్ లేకుండా, దంతం కోయకుండా వచ్చేది కాదు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. బీమ్‌టైమ్ నాలుగు రోజులే కదా అని పర్మిట్‌లో వారం రోజులే అడగకండి. మెషిన్ ఆగిపోవచ్చు, షెడ్యూల్ జరగొచ్చు. రెండు వైపులా వెసులుబాటు పెట్టి ఆరేడు వారాల గడువు అడగండి. గడువు దాటిన పర్మిట్‌తో శిలాజం విదేశంలో ఉండటం కన్నా ఇబ్బందికరమైన పరిస్థితి ఇంకోటి లేదు. జాబితాలో ప్రతి నమూనాకూ కేటలాగ్ నంబరు, స్కేలుతో ఫోటో, బరువు ఉండాలి. దవడ నుంచి ఊడి వచ్చిన పలుకులు విడిగా చిన్న డబ్బాలో ఉంటే వాటినీ లెక్కలో చూపండి. తిరిగొచ్చినప్పుడు "ఇది ఎక్కడిది" అనే ప్రశ్న రాకూడదు.

ఆకుపచ్చ అట్ట

కార్నే గురించి.

దక్షిణాఫ్రికా, ఫ్రాన్స్ రెండూ ఏటీఏ వ్యవస్థలో ఉన్నాయి కాబట్టి కార్నే చెల్లుతుంది, ఏడాది వరకు. పసుపు కాగితాలు మీ దేశం దాటడానికీ తిరిగి రావడానికీ, తెల్లవి అవతలి దేశంలోకి వెళ్లి బయటికి రావడానికి, నీలం ట్రాన్సిట్‌కి. సామాను జాబితా ఒకసారి ముద్రపడ్డాక కొత్తగా ఏమీ చేర్చలేరు. "ఈ ఒక్క దంతం కూడా పెడదాం" అని చివరి రోజున ఎవరో అంటారు. కుదరదని చెప్పండి. పర్మిట్ జాబితా, కార్నే జాబితా, బీమా జాబితా మూడింటిలో నంబర్లు, వరుస ఒకేలా ఉండాలి.

చాలామంది తప్పేది బయల్దేరేటప్పుడే. చెకిన్ అయిపోయి సెక్యూరిటీ దాటేశాక కస్టమ్స్ ముద్ర గుర్తొస్తుంది. పసుపు కాగితం మీద ఎగుమతి ముద్ర లేకపోతే తిరిగొచ్చినప్పుడు ఆ సరుకు ఇక్కడి నుంచే వెళ్లిందని రుజువు ఉండదు. పారిస్‌లో తిరుగు ప్రయాణంలో తెల్ల కాగితం ముద్ర మరిచిపోతే ఇంకో తంటా. సరుకు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయిందని లెక్కగట్టి సుంకం, పన్ను క్లెయిము మీకు కార్నే ఇచ్చిన ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కి వస్తుంది. విమానానికి నాలుగు గంటల ముందే కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఉండండి. కౌంటర్ వేళలు ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి.

విలువ ఎంత రాయాలి అన్నది పెద్ద చర్చ. అమ్మకానికి లేని ప్రభుత్వ ఆస్తికి మార్కెట్ ధర ఉండదు. కానీ గడి ఖాళీగా వదలలేరు. ఛాంబర్ అడిగే పూచీకత్తు ఆ అంకె మీదే ఆధారపడుతుంది. బీమాకు మీరూ బీమా కంపెనీ ఒప్పుకున్న విలువ ఉంటుంది, షెల్ఫ్ నుంచి షెల్ఫ్ దాకా. రెండూ వేర్వేరు అంకెలైతే, ఎందుకు వేరో ఒక పేజీ నోటు రాసి ఫైల్లో ఉంచుకోండి. అడిగినప్పుడు నోటితో చెబితే అనుమానం పెరుగుతుంది.

హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకుల వర్గీకరణ సంఖ్య) 9705 కిందికి వస్తుంది. 2022 సవరణ తర్వాత అందులో "మానవ నమూనాలు" ఒక ఉపశీర్షిక, "అంతరించిన జాతులు" పక్కనే ఇంకోటి. ఆస్ట్రలోపిథెకస్ లాంటి హొమినిన్ మనిషా, అంతరించిన జంతువా అన్నది శాస్త్రవేత్తలు వందేళ్లుగా కొట్టుకుంటున్న ప్రశ్న, కస్టమ్స్ వాళ్లకు మాత్రం రెండు నిమిషాల్లో తేలాలి! ఏజెంట్‌తో ముందే మాట్లాడి ఒకటి ఖాయం చేసుకుని అన్ని కాగితాల్లో అదే రాయండి. ఎక్కడా "హ్యూమన్ రిమెయిన్స్" అనే మాట మాత్రం రాయకండి. విమానయాన భాషలో దానర్థం శవపేటిక. డెత్ సర్టిఫికెట్ అడుగుతారు. "రాయిగా మారిన శిలాజం, మృదు కణజాలం ఏదీ లేదు" అని రాయండి.

ఐరోపా వైపు కొత్తది ఒకటి ఉంది. సాంస్కృతిక వస్తువుల దిగుమతి మీద 2019/880 నంబరు నియమావళి 2025 జూన్ 28 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. పాలియోంటాలజీ వస్తువులు అందులో ఉన్నాయి. విజ్ఞానం, పరిరక్షణ, డిజిటైజేషన్ లాంటి పనుల కోసం తాత్కాలికంగా తెచ్చేవాటికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందని చూపించాల్సింది మాత్రం మీరే. సింక్రోట్రాన్ ఆహ్వాన పత్రం, బీమ్‌టైమ్ ఖరారు పత్రం, పర్మిట్ నకలు, ఈ మూడింటికీ ఫ్రెంచి అనువాదం పట్టుకెళ్లండి. ఇంగ్లండ్‌కు వెళ్లేవాళ్లకు ఇది వర్తించదు, కానీ అది ఇప్పుడు వేరే కస్టమ్స్ ప్రాంతం. ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ రెండు చోట్లా స్కాన్ అనుకుంటే తెల్ల కాగితాలు రెండు జతలు అడగాలి.

మెత్తటి నురుగు

చేతిలోనే. కార్గో వద్దు. దవడ, ఐదు దంతాల పరిమాణానికి పెలికాన్ 1510 లాంటి కేబిన్ సైజు పెట్టె సరిపోతుంది. బయటి కొలత దాదాపు 56 x 35 x 23 సెంటీమీటర్లు. దానికి ప్రత్యేకంగా సీటు కొనండి, పైన అరలో పెట్టకండి. ఇద్దరు మనుషులు వెళ్లాలి. ఒకరు బాత్రూముకు వెళ్తే ఇంకొకరు పెట్టె దగ్గర ఉండాలి, అంతే లెక్క. నేరుగా పారిస్ వెళ్లే విమానం ఉండగా, చౌక అని గల్ఫ్‌లో మారే టికెట్ తీసుకోవద్దు. మారిన ప్రతిచోటా కొత్త స్క్రీనింగ్, పెట్టె తెరవమనే కొత్త అధికారి. విమానాశ్రయ భద్రతా విభాగానికి వారం ముందే లేఖ పంపి, తెరవాల్సి వస్తే విడి గదిలో, మీ చేతులతోనే తెరిచేలా ఒప్పించండి. అక్కడి ఎక్స్‌రే గురించి బెంగ అక్కర్లేదు. మీరు వెళ్తున్న చోట తగిలే డోసు ముందు అది లెక్కలోకే రాదు.

ఇక లోపల. పాలిథిలీన్ నురుగు వాడండి, ఎథాఫోమ్ గానీ ప్లాస్టజోట్ గానీ. సోఫాల్లో వేసే పాలియురెథేన్ నురుగు వద్దు, అది పాతబడి పొడిగా రాలుతుంది. శిలాజానికి తగిలే చోట పలుచని టైవెక్ గుడ్డ. దూది అసలు వద్దు. దాని పోగులు పగుళ్లలో చిక్కుకుంటే తీసేటప్పుడు ఎనామెల్ పెచ్చు లేస్తుంది. పొర మీద పొరగా కోసి గూడు చేయండి. బరువు ఎముక గట్టిగా ఉన్న చోట ఆనాలి, దంతాల కొనల మీద కాదు. కొలతబద్ద గారు ఇక్కడే స్కాన్ చేయించమన్నారు కదా, ఆ మోడల్‌తోనే గూడు ఆకారాన్ని త్రీడీ ప్రింట్ తీసి, నురుగును దాని మీద సరిచూసుకోవచ్చు. అసలు శిలాజాన్ని పదిసార్లు పెట్టి తీయాల్సిన అవసరం ఉండదు.

విమానం కేబిన్‌లో గాలి తేమ 20 శాతం కన్నా తక్కువ ఉంటుంది. మీ స్టోర్ తేమకు ముందే అలవాటు చేసిన సిలికా జెల్ క్యాసెట్ పెట్టెలో వేసి మూయండి. ఒత్తిడి సర్దుకునే వాల్వ్ ఉన్న పెట్టె అయితే పైన బిగుసుకుపోదు. గ్రెనోబుల్ చేరగానే ఆత్రంగా తెరవకండి, ఆ గదిలో ఒక రోజు ఉండనివ్వండి.

పాత అతుకుల మాట. ఆ జిగురు పారలాయిడ్ బీ72 (మ్యూజియాల్లో ఎక్కువగా వాడేది) అయితే 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. అతుకు జారితే విరగదు, అర మిల్లీమీటరు పక్కకు జరుగుతుంది. కంటికి ఆనదు, స్కాన్‌లో తెలుస్తుంది. అందుకని బయల్దేరే ముందు రిపోర్టులో ఆ రెండు అతుకులను దగ్గరగా, స్కేలుతో, రెండు కోణాల్లో ఫోటో తీయండి. ఉన్న పగుళ్లన్నీ ప్రింటు మీద ఎర్ర పెన్నుతో గీసి నంబర్లు వేయండి. ప్యాక్ చేసే ముందు, అక్కడ తెరిచాక, బిగించే ముందు, విప్పాక, ఇంటికి వచ్చాక: ఐదుసార్లూ అదే ప్రింటు, అదే నంబర్లు, ప్రతిసారీ ఇద్దరి సంతకం.

గ్రే లెక్క

"నిజంగా ఏమీ కాదా" అన్నారు. కోయరు, రంధ్రం చేయరు, ఆ అర్థంలో నాన్ డిస్ట్రక్టివ్. ఎక్స్‌రే మాత్రం గుర్తు వదులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఈఎస్‌ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) డేటింగ్, దీనికీ ఈఎస్‌ఆర్‌ఎఫ్‌కూ సంబంధం లేదు. ఎనామెల్ లక్షల ఏళ్లుగా మట్టిలోని రేడియేషన్‌ను కూడబెట్టుకుంటుంది, ఆ మొత్తాన్ని కొలిచి వయసు లెక్కిస్తారు. స్కాన్‌లో తగిలిన డోసు కూడా అదే ఖాతాలో జమ అవుతుంది, దంతం అసలు కన్నా పాతదిగా తేలుతుంది. నలేడి వయసు 2,36,000 నుంచి 3,35,000 ఏళ్ల మధ్య అని 2017లో తేల్చినప్పుడు దంతాల ఈఎస్‌ఆర్ ముఖ్య ఆధారాల్లో ఒకటి. కాబట్టి ఐదు దంతాల్లో ఒకదాన్నైనా అసలు స్కాన్ చేయకుండా పక్కన పెట్టండి. ఇక్కడ చేసే మైక్రో సీటీకి కూడా అది వెళ్లకూడదు. పై సలహాల్లో ఆ మాట ఎవరూ అనలేదు. 2025లో స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన పారాంత్రోపస్ అనే హొమినిన్ దంతాల ఎనామెల్ నుంచి ప్రొటీన్లు రాబట్టారు, రెండు మిలియన్ల ఏళ్ల నాటివి. రేపు ఏ పద్ధతి వస్తుందో ఊహించలేం, ఒకటి మిగలనివ్వండి.

డీఎన్‌ఏ మీద 2016లో ఒక అధ్యయనం వచ్చింది: 200 గ్రేల (రేడియేషన్ డోసుకు కొలమానం గ్రే) లోపు నష్టం కనబడలేదు, 2,000 గ్రేలు దాటితే కనబడింది. మీ గుహల వయసుకు డీఎన్‌ఏ మిగిలి ఉండే ఆశ ఎలాగూ లేదు గానీ, 200ను పరిమితిగా పెట్టుకుంటే దరఖాస్తులో చెప్పుకోవడానికి ఒక అంకె ఉంటుంది. రంగు మారడం ఇంకోటి. సింక్రోట్రాన్ కిరణాలకు ఎనామెల్ గోధుమ రంగుకు తిరిగిన సందర్భాలు ఉన్నాయి, అతినీల లోహిత కాంతి కింద కొంత తగ్గుతుంది. అందుకే ఫోటోల్లో రంగుల పట్టీ కూడా పెట్టండి.

డోసు తగ్గించే మార్గం సాదాసీదాది: ట్రయల్స్ హొమినిన్ మీద చేయకండి. అదే గుహలో, అదే పొరలో దొరికిన జింక జాతి దంతం, బ్రెచియాతో సహా, ఒకటి తీసుకెళ్లండి. దానికీ పర్మిట్ జాబితాలో చోటు ఉండాలి సుమా. ఎనర్జీ, ఫిల్టర్లు, ఎక్స్‌పోజర్, డిటెక్టర్ దూరం అన్నీ మొదటి రెండు షిఫ్టుల్లో దాని మీద కుదుర్చుకోండి. కాల్సైట్, ఎముక ఎక్స్‌రేకు దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అంచుల్ని పట్టి ఇచ్చేది ఫేజ్ కాంట్రాస్ట్, అది నమూనాకూ డిటెక్టర్‌కూ మధ్య దూరాన్ని బట్టి వస్తుంది. దూరం కుదిరాకే అసలు నమూనా ఎక్కాలి. బీమ్‌లైన్ శాస్త్రవేత్తను ప్రతి స్కాన్‌కూ లెక్కగట్టిన డోసు గ్రేల్లో రాసివ్వమని అడిగి, ఆ కాగితాన్ని కేటలాగ్ కార్డుకు శాశ్వతంగా జత చేయండి. ముప్పై ఏళ్ల తర్వాత డేటింగ్ చేసేవాడికి అదే కావాలి.

రిజల్యూషన్ దురాశ గురించి ఒక లెక్క. 50 మిల్లీమీటర్ల దవడను 20 మైక్రాన్ల వాక్సెల్‌తో (త్రీడీ బొమ్మలో ఒక చుక్క) తీస్తే వైపుకు 2,500, మొత్తం దాదాపు 1,560 కోట్ల వాక్సెల్స్, 16 బిట్‌లో 31 గిగాబైట్లు. అదే 5 మైక్రాన్లకు దిగితే 64 రెట్లు, రెండు టెరాబైట్లు. రోజువారీ గీతలకు మైక్రాన్ లోపు కావాలి. 2,048 పిక్సెల్స్ కెమెరాతో 0.7 మైక్రాన్ల దగ్గర కనబడే వెడల్పు 1.4 మిల్లీమీటర్లే! దంతం మొత్తం అలా తీయరు. ఎనామెల్‌లో ఏ చోట తీయాలో 20 మైక్రాన్ల స్కాన్ చూసి ఖాయం చేసుకోవాలి.

చెడిపోయే స్కాన్లలో ఎక్కువ కదలిక వల్లే. నమూనాను ప్లాస్టిక్ గొట్టంలో నురుగుతో బిగించాక నురుగు గంటల తరబడి మెల్లగా సర్దుకుంటూనే ఉంటుంది. రాత్రే బిగించి పొద్దున ఎక్కించండి. మొదటి రేడియోగ్రాఫ్‌నూ, 360 డిగ్రీల దగ్గరిదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, తేడా ఉంటే ఆ స్కాన్ అక్కడే ఆపేయండి, డోసు వృథా చేయకండి. బిగించడానికి ప్లాస్టిసిన్ వాడొద్దు, దవడ మీద పాతది అంటుకుని ఉంటే ముందే తీయించండి. అతుకు లోపల తీగ ముక్క ఉందేమో కూడా ఇక్కడి స్కాన్‌లోనే తెలుస్తుంది.

పలకరాయి

అందరికీ ధన్యవాదాలండి. పెద్ద వెనుక దంతం ఒకటి మైక్రో సీటీకి కూడా పంపకుండా ఆపేశాం. ఇంకో సందేహం. ఈఎస్‌ఆర్‌ఎఫ్ విధానం ప్రకారం డేటా మూడేళ్ల తర్వాత అందరికీ తెరుస్తారట. ఇక్కడి క్యూరేటర్ దానికి ఒప్పుకోవడం లేదు.

కొలతబద్ద

అది బీమ్‌టైమ్ తర్వాత తేల్చుకునే విషయం కాదు. ఇప్పుడే, పర్మిట్ పెట్టకముందే, క్యూరేటర్, బృందం, సింక్రోట్రాన్ యూజర్ ఆఫీస్ మూడు వైపులా రాతపూర్వకంగా ఒప్పందం కావాలి. మూడేళ్ల ఎంబార్గో పొడిగించమని కారణం చూపించి అడగవచ్చు. క్యూరేటర్‌కు అభ్యంతరం ఎక్కడో కూడా అడిగి చూడండి. చాలాసార్లు తెరవడం మీద కాదు, తమ విద్యార్థి పేపరు రాకముందే ఇంకెవరో రాసేస్తారన్న భయం. నలేడి మోడళ్లను 2015లో పేపరుతో పాటే అందరూ చూడగలిగే ఆన్‌లైన్ భాండాగారం మార్ఫోసోర్స్‌లో పెట్టారు, ఆకాశమేం విరిగిపడలేదు.

రీకన్‌స్ట్రక్ట్ అయిన వాల్యూములు (స్కాన్ నుంచి కట్టిన త్రీడీ బొమ్మలు), డోసు పట్టిక, స్కాన్ సెట్టింగులు హార్డ్ డిస్కులో శిలాజంతో పాటే తిరిగి రావాలని పర్మిట్ దరఖాస్తులోనే రాయండి. రెండు డిస్కులు, ఇద్దరి చేతుల్లో.

ఆకుపచ్చ అట్ట

ఆ హార్డ్ డిస్కులు కొత్తవి ఇక్కడి నుంచే తీసుకెళ్తుంటే కార్నే జాబితాలో వాటినీ సీరియల్ నంబర్లతో రాయండి. తిరిగొచ్చేటప్పుడు ఇవెక్కడ కొన్నారని అడుగుతారు.

నర్మద ఒడ్డు

పక్కదారి ప్రశ్న. 1982లో మధ్యప్రదేశ్‌లోని హత్నోరాలో దొరికిన మన హొమినిన్ పుర్రె విషయంలో కూడా ఇదే దారా?

గ్రే లెక్క

చట్టం వేరు, ఆ పుర్రె జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) చేతిలో ఉంది. "ఇక్కడే ఎందుకు చేయరు" అన్న మొదటి ప్రశ్న మాత్రం అదే. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్‌కు ఇమేజింగ్ బీమ్‌లైన్ ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెప్పాలి. విడి దంతానికి సరిపోయే ఎనర్జీ, రాయిగా మారిన మందపాటి పుర్రెను దాటడానికి సరిపోతుందా అన్నది అక్కడివాళ్లతో కూర్చుని లెక్కేసి, ఆ కాగితం జోడించాలి.